గద్వాల నుంచి సోమశిల: కృష్ణ ఒడ్డున ఒక రోజు బండి ప్రయాణం

 

ఈ ఎపిసోడ్ బండి ఉన్నోళ్ల కోసం. బండి లేనోళ్లు దోస్తు బండి అడగండి, పెట్రోల్ మాత్రం మీరే పోయించండి. న్యాయం న్యాయమే కదా.

వైజాగ్ వాళ్లకు బీచ్ రోడ్డు ఉంది. భీమిలి దాకా ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండ. ఆ రీల్స్ చూసి మనవాళ్లు ఏమంటారంటే, "మనకేముంది రా, రాళ్లు, ఎర్రమట్టి తప్ప." పాలమూరుకు సముద్రం లేదు, నిజమే. కానీ కృష్ణ ఉంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల అంచునా ఆ నది పోతుంటది. 2016 అక్టోబరు 11 దాకా ఇవన్నీ ఒక్క మహబూబ్‌నగర్ జిల్లానే. కొన్ని చోట్ల అవతలి ఒడ్డు కనపడీ కనపడనట్టు ఉంటుంది. మొదటిసారి చూసినోళ్లు "ఇది మన దగ్గరేనా?" అని అడుగుతారు.

ఈ రోజు చెప్పేది గద్వాల నుంచి సోమశిల దాకా ఒక రోజు ప్రయాణం. గుళ్లకు, చెరువులకు పక్కకు మళ్లేవి కూడా కలుపుకుంటే పోవడానికే అటూ ఇటూగా 130 కిలోమీటర్లు. పెద్ద బండి అక్కర్లేదు. నాది వంద సీసీ స్ప్లెండర్, అది కూడా మా నాయన వాడి ఇచ్చింది. దారి, ఆగే చోట్లు, జాగ్రత్తలు చెప్తా. మధ్యలో మా అవ్వ కథ ఒకటి వస్తుంది. అది దాటేయకండి, ఈ ఎపిసోడ్ చేసిందే దాని కోసం.

గద్వాల నుంచి జూరాల

పొద్దున ఆరు లోపల గద్వాల కోట దగ్గర ఉండండి. 17వ శతాబ్దంలో సోమనాద్రి, అంటే పెద్ద సోమభూపాలుడు కట్టించిన మట్టికోట ఇది. లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, డిగ్రీ కాలేజీ కూడా ఉంది. కోటలో చదువుకున్నామని చెప్పుకునే భాగ్యం గద్వాల పిల్లలకే. కోట చూసి, బజారులో వేడి ఉగ్గాని, మిర్చి బజ్జి తినేసి బయలుదేరండి. ఎండ ఎక్కినంక బజ్జీలు తింటే దారంతా నీళ్లే తాగాల్సి వస్తుంది, అనుభవంతో చెప్తున్నా.

అక్కడి నుంచి జూరాల ఇరవై కిలోమీటర్ల లోపే. కృష్ణ తెలంగాణలోకి అడుగుపెట్టినంక కనపడే మొదటి ప్రాజెక్టు ఇదే. పైన కర్ణాటకలో ఆల్మట్టి, నారాయణపూర్ నిండి నీళ్లు వదిలితే ఆ వరద ముందు ఇక్కడికే వస్తుంది. అందుకే జూరాల చూడాలంటే తారీఖు చూసుకోవద్దు, వార్తలు చూసుకోండి. గేట్లు ఎత్తారని తెలిస్తే మర్నాడు పొద్దున్నే బయలుదేరండి. మామూలుగా జులై చివర నుంచి అక్టోబరు మధ్యలో ఆ అవకాశం వస్తుంది. అప్పుడు డ్యామ్ మీద నీటి తుంపర మొహానికి కొడుతుంది, పక్కనోడి మాట కూడా వినపడదు.

డ్యామ్ దగ్గర చేపలు వేయించి అమ్మే కొట్లుంటాయి. జూరాల చేపల కోసమే దూరం నుంచి వచ్చేవాళ్లున్నారు. తినండి, కానీ ముల్లు చూసుకుని తినండి. ఒక్క మాట: గేట్లు ఎత్తిన రోజు డ్యామ్ కింద రాళ్ల మీదికి దిగి సెల్ఫీలు దిగొద్దు. నీళ్లు పెరిగేటప్పుడు ఎవరికీ చెప్పి పెరగవు.

ఊకచెట్టు వాగు, సరళాసాగర్

డ్యామ్ దాటితే ఆత్మకూరు వైపు వస్తారు, వనపర్తి జిల్లా మొదలు. ఆత్మకూరు నుంచి కొత్తకోట పోయే దారిలో మదనాపురం వస్తుంది. వనపర్తి రోడ్ రైల్వే స్టేషన్ ఉన్నది ఈడనే. వనపర్తి పోదామని రైలు దిగి, ఊరేదని వెతుక్కున్నోళ్లను అడగండి, చెప్తారు.

ఈ పక్కనే ఊకచెట్టు వాగు మీద సరళాసాగర్ ఉంది. వనపర్తి రాజా రామేశ్వరరావు వాళ్ల అమ్మ సరళాదేవి పేరు మీద కట్టించింది. 1949లో పని మొదలై 1959లో ప్రారంభమైంది. దీని గొప్పేందంటే, నీళ్లు వదలడానికి గేట్లు ఉండవు, ఎత్తే మనిషి ఉండడు. సైఫన్ పద్ధతి. మీరు బండి ట్యాంకులోంచి పైపుతో పెట్రోల్ తీసిండ్రా ఎప్పుడైనా? ఒక్కసారి గాలి పీల్చి వదిలితే తర్వాత దానంతట అదే వస్తది కదా. అదే సూత్రం. చెరువు నిండి నీళ్లు ఒక మట్టం దాటగానే సైఫన్ గొట్టాల్లోని గాలిని నీళ్లే బయటికి నెట్టేస్తాయి. అక్కడి నుంచి నీళ్లు లాక్కుని కిందికి దుంకుతాయి. మట్టం తగ్గగానే గాలి లోపలికి పోయి ధార ఆగిపోతుంది. కరెంటు లేదు, మోటార్ లేదు.

అంత తెలివిగా కట్టిన దానికి కూడా 2019 డిసెంబరు 31న కట్ట తెగింది. ఒక్క పూటలో చెరువు ఖాళీ. తర్వాత మళ్లీ కట్టారు. మీరు పోయినప్పుడు కట్ట మీద నిలబడి ఒకసారి అటు చూడండి, ఇటు చూడండి. ఒక పక్క నీళ్లు, ఒక పక్క పొలాలు. మధ్యలో ఉన్నది మట్టి కట్టే.

వానాకాలంలో ఈ దారిన పోయేవాళ్లకు గట్టిగా చెప్తున్నా. ఊకచెట్టు వాగు పొంగితే మదనాపురం దగ్గర రాకపోకలు ఆగిపోయిన రోజులున్నాయి. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే బండి దింపొద్దు. మోకాలి లోతే కదా అనిపిస్తుంది. పారే నీళ్లకు మోకాలి లోతు చాలు, బండి చక్రాన్ని పక్కకు తోసేస్తుంది. అరగంట ఆగితే పోయేదేం లేదు. వెనక్కి తిరిగితే కూడా పోయేదేం లేదు.

పెబ్బేరు, శ్రీరంగాపురం

కొత్తకోటలో 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కుతారు. పెబ్బేరు దాకా హైవేనే. ఈ ముక్క ఒక్కటే నాకు నచ్చదు. లారీలు, బస్సులు, గాలి. ఎడమ పక్కనే పట్టుకుని పొండి, ఎవరితోనూ పోటీ పెట్టుకోవద్దు.

పెబ్బేరు నుంచి ఎడమకు మళ్లితే శ్రీరంగాపురం. 18వ శతాబ్దంలో వనపర్తి సంస్థానం వాళ్లు కట్టించిన రంగనాయకస్వామి గుడి ఇక్కడుంది. చుట్టూ నీళ్లు, ఎత్తైన గాలిగోపురం. పొద్దున తొమ్మిది గంటలకు గోపురం నీడ నీళ్లలో కనపడుతుంటే, ఫోన్ తీయకుండా ఉండడం మీ వల్ల కాదు. నా వల్ల కూడా కాలేదు. పది నిమిషాలు ఫోటోలు తీసుకుని, తర్వాత ఫోన్ జేబులో పెట్టి ఇంకో పది నిమిషాలు మెట్ల మీద కూర్చోండి.

ఇక్కడి నుంచి వీపనగండ్ల మీదుగా కొల్లాపూర్ వైపు పోతుంటే రోడ్డు చిన్నదవుతుంది, మామిడి తోటలు ఎక్కువవుతాయి. ఈ ముక్కలో పెట్రోల్ గురించి ఆశ పెట్టుకోవద్దు, పెబ్బేరులోనే నింపుకోండి. మార్చి నుంచి మే మధ్యలో అయితే పదకొండు దాటినంక బండి నడపొద్దు. నలభై డిగ్రీల ఎండలో హెల్మెట్ లోపల తల ఉడుకుతది. అయినా హెల్మెట్ తీయొద్దు, బండి ఆపి చెట్టు కిందికి పొండి.

జటప్రోలు, మా అవ్వ

ఇప్పుడు జటప్రోలు. ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. ఒకప్పుడు ఒక సంస్థానానికే ఆ పేరు. సురభి రాజులది. తర్వాత వాళ్ల రాజధాని కొల్లాపూర్ అయింది.

మా అవ్వది జటప్రోలే. ఇప్పుడు మీరు పోతే కనపడే జటప్రోలు కాదు, పాతది. అది నీళ్ల కింద ఉంది.

శ్రీశైలం డ్యామ్ మీరంతా చూసే ఉంటారు. ఆ డ్యామ్‌కు నిండు మట్టం 885 అడుగులు. అక్కడ నీళ్లు నిలిస్తే, వెనక్కి వెనక్కి నిండుకుంటూ ఇక్కడి దాకా వస్తాయి. మనం బ్యాక్‌వాటర్ అని రీల్ పెట్టేది దాన్నే. ఆ నీళ్ల కింద అటు కర్నూలు వైపు, ఇటు పాలమూరు వైపు కలిపి వందకు పైగా ఊళ్లు పోయినయ్. 1981లో మా వాళ్లు ఇల్లు ఖాళీ చేసిండ్రు. అప్పటికి మా నాయనకు తొమ్మిదేళ్లు. దూలాలు, తలుపులు పీక్కుని ఎడ్లబండి మీద వేసుకుని వచ్చిండ్రంట. మా అవ్వ ఇంట్లో ఇప్పటికీ ఉన్న గడప ఆ ఊరిదే.

పోయిన ఏడు ఏప్రిల్‌లో నేను కొల్లాపూర్‌లో అవ్వ ఇంట్లో పడుకుని, పొద్దున్నే ఐదున్నరకు బండి తీసిన.

"యాడికి రా?" అన్నది.

"జటప్రోలు దాకా అవ్వా, నీళ్ల కాడికి."

కొంచెం సేపు ఏం అనలే. తర్వాత, "నన్ను తీస్కపోతవా?" అన్నది.

నాకు ఆశ్చర్యం ఏందంటే, ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు. ఆమె కొంగు నడుముకు చుట్టుకుని, ఒక పక్కకు కూర్చుని, నా భుజం గట్టిగా పట్టుకున్నది. దారి పొడుగునా "మెల్లగ పో బిడ్డా" తప్ప ఇంకో మాట లేదు. నలభై స్పీడు కూడా దాటలే.

ముందు మదనగోపాలస్వామి గుడికి పోయినం. ఈ గుడి కూడా పాత ఊళ్లోదే. మునిగిపోతుందని రాయి రాయి విప్పి, తెచ్చి, పైన మళ్లీ కట్టిండ్రు. ఆలంపురం దగ్గర కూడలి సంగమేశ్వరాలయం కూడా అట్లా తెచ్చిందే. కృష్ణ, తుంగభద్ర కలిసే కూడవెల్లిలో ఉండేది, ఇప్పుడు ఆలంపురంలో చూస్తున్నాం. అంత బరువు రాళ్లు విప్పి, గుర్తులు పెట్టుకుని, మళ్లీ అదే వరుసలో పేర్చడం మామూలు పని కాదు. నేను అదే అవ్వకు చెప్తున్న, గొప్ప పని అవ్వా అని.

అవ్వ గుడి గోడ మీద చెయ్యి పెట్టి అన్నది: "అవు. ఒక్కొక్క రాయికి లెక్క రాసుకున్నరు. మాకే రాసుకోలె."

నాకు ఏం మాట్లాడాలో తెలియలే. మీకు తెలియనోళ్లకు చెప్తున్నా, శ్రీశైలం ముంపులో ఊళ్లు పోయినోళ్లకు ఇంటికొక ఉద్యోగం అని 1986లో 98 నంబర్ జీవో వచ్చింది. దాని కోసం అడుగుతూ అడుగుతూ వయసు దాటిపోయినోళ్లు ఈ ఊళ్లల్లో చాలామంది ఉన్నారు. సోమశిల ఫోటో కింద హార్ట్ పెట్టేముందు ఈ సంగతి కూడా తెలిసి ఉంటే మంచిది.

నేను చేసిన తప్పు

గుడి నుంచి నీళ్ల అంచుకు పోయినం. ఏప్రిల్ కదా, నీళ్లు బాగా లోపలికి పోయి ఉన్నయ్. నీళ్లకు మనకు మధ్యలో పెద్ద మైదానం లెక్క నేల. మీద పగుళ్లిచ్చి, ఎండి, తెల్లగా ఉంది. నాకు అది చూడంగనే ఏమనిపించిందో మీకు తెలుసు. బండి నేరుగా నీళ్ల దాకా తీసుకపోయి, సూర్యుడు వెనక వచ్చేటట్టు ఒక వీడియో.

అవ్వ దిగింది. "పోకు రా. మీద ఎండినట్టుంటది, కింద బురద. నీళ్లు తీసిన నేల అది."

నేను నవ్విన. ముప్పై గజాలు కూడా పోలే, ముందు చక్రం దిగబడింది. గేరు వేసి ఎక్సలేటర్ తిప్పిన కొద్దీ వెనక చక్రం ఇంకా లోపలికి పోయింది. దిగి చూస్తే మోకాలి కింద దాకా బురద, జిగట. కాలు తీస్తే చెప్పు రాదు. బండి పడిపోలేదు, ఎందుకంటే పడడానికి సందు లేదు, అట్లనే నిలబడి ఉంది.

దూరంగా వలలు సదురుకుంటున్న చేపలోళ్లు ఇద్దరు వచ్చిండ్రు. వాళ్లకు ఇది కొత్త కాదు. "ఎక్సలేటర్ ఇయ్యకు అన్నా, బంద్ చెయ్" అన్నరు. చక్రాల ముందు కంపకొమ్మలు వేసి, వెనక తాడు కట్టి, వచ్చిన దారినే వెనక్కి లాగినం. గంట పట్టింది. పైసలిస్తే తీసుకోలె. "ఇంకోసారి రాకు" అన్నరు, గంతే.

కాబట్టి నేర్చుకోండి. ఒకటి, బ్యాక్‌వాటర్ నేల మీద చక్రం జాడలు, పశువుల అడుగులు ఉన్న చోట తప్ప బండి దింపొద్దు. రెండు, దిగబడితే ఎక్సలేటర్ తిప్పొద్దు, ముందుకు కాదు వెనక్కి లాగాలి. మూడు, ఒక్కళ్లే పోవద్దు. నాలుగు, ఆ నేల మీద పుట్టినోళ్లు వద్దంటే వినాలి.

బండి కడుక్కుని ఒడ్డు మీద కూర్చున్నం. అప్పుడు అవ్వ చెయ్యి ఎత్తి చూపింది. "ఆడ. ఆ పడవ ఉన్నదే, దానికి కొంచెం ఇవతల. మన ఇల్లు."

"ఎట్లా గుర్తుపట్టినవ్ అవ్వా? అంతా నీళ్లే కదా."

"ఎదురుంగ రెండు గుట్టలు కలిసే సందు చూడు. నేను వాకిలి ఊడ్సేటప్పుడు ఆ సందులకెల్లే పొద్దు పొడిసేది. నీళ్లొస్తే గుట్టలు యాడికి పోతయ్?"

నేను ఫోన్ తీసి మ్యాప్ తెరిచిన. ఆమె చూపిన చోట అంతా నీలం. పేరు లేదు, రోడ్డు లేదు. అవ్వను అడుగుతూ, గుట్టల సందును చూసుకుంటూ, ఆ నీలం మీద ఒక పిన్ పెట్టిన. పేరు 'అవ్వ ఇల్లు' అని రాసిన. నా ఫోన్‌లో అది ఇప్పటికీ ఉంది. అక్కడికి దారి చూపమంటే దారి దొరకలేదని వస్తది.

సోమశిల

కొల్లాపూర్‌లో భోజనం చేసి సోమశిలకు పొండి, పది కిలోమీటర్ల పైన ఉంటుంది అంతే. సురభి రాజుల కోట కొల్లాపూర్‌లోనే ఉంది, టైమ్ ఉంటే చూడండి. సోమశిలలో లలితా సోమేశ్వరాలయం, దాని ముందర కృష్ణ, అవతల నల్లమల. సాయంత్రం నాలుగున్నర తర్వాత వెలుతురు బాగుంటుంది.

ఇక్కడ రోడ్డు నీళ్ల దగ్గర ఆగిపోతుంది. అవతలి ఒడ్డు సిద్ధేశ్వరం, ఆంధ్రప్రదేశ్. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు ఆ వైపు సంగమేశ్వరం గుడి కూడా బయటపడుతుంది, మళ్లీ వరద వస్తే మునిగిపోతుంది. కల్వకుర్తి నుంచి నంద్యాల వైపు పోయే 167కే జాతీయ రహదారికి ఇక్కడ నది మీద వంతెన కావాలి. 2022 అక్టోబరులో కేంద్రం వెయ్యి కోట్లకు పైగా ఖర్చుతో తీగల వంతెనకు ఒప్పుకుంది. ఈ వంతెన ఎందుకంటే టూరిజం కోసమని చాలామంది అనుకుంటారు. 2007 జనవరిలో సింగోటం జాతర చూసుకుని తిరిగి పోతున్న జనం ఎక్కిన పడవ ఈ నీళ్లలోనే మునిగింది. సుమారు అరవై మంది చనిపోయారు. వాళ్లు సరదాకు పడవెక్కలేదు. ఇంటికి పోవడానికి వేరే దగ్గరి దారి లేక ఎక్కారు.

అందుకని ఇక్కడ పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకోండి. జాకెట్ లేదంటే ఎక్కొద్దు. జనం ఎక్కువైతే దిగిపోండి. వీడియోలో జాకెట్ బాగుండదు అనే ఫ్రెండ్‌ను ఒడ్డు మీదే కెమెరామెన్‌గా పెట్టండి.

చీకటి పడకముందే వెనక్కి బయలుదేరండి. తిరిగి వచ్చేటప్పుడు పెబ్బేరు దాకా వచ్చి, హైవే మీద బీచుపల్లి వంతెన దాటి, ఎర్రవల్లి చౌరస్తా దగ్గర గద్వాలకు మళ్లొచ్చు. బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి దగ్గర ఆగి కాళ్లు కడుక్కుంటే రోజంతా పట్టిన దుమ్ము పోతుంది.

సంచిలో ఏం పెట్టుకోవాలి? మనిషికి మూడు లీటర్ల నీళ్లు. ట్యూబ్ టైర్ అయితే స్పేర్ ట్యూబ్. పది గజాల తాడు, ఎందుకో ఇప్పుడు చెప్పక్కర్లేదు. ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, నది దగ్గర సిగ్నల్ ఆడుకుంటది. తిన్న కవర్లు, తాగిన సీసాలు మీతోనే వెనక్కి తెచ్చుకోండి.

ఇంకొకటి. పాలమూరులో, కర్నూలులో మీకు చుట్టాలుంటే, వాళ్లలో పెద్దోళ్లు ఉంటే, పోయే ముందు అడగండి: మనోళ్ల ఊరు ఏమన్నా నీళ్లల్లో పోయిందా అని. అవునంటే బండి వెనక ఎక్కించుకుని తీసుకపోండి, మెల్లగా. వాళ్లు చెయ్యి చూపిన చోట ఒక పిన్ పెట్టండి. వాళ్లు ఉన్నప్పుడే పెట్టాలి. తర్వాత ఆ గుట్టల సందు ఏదో మనకు చెప్పేవాళ్లుండరు.

వచ్చే ఎపిసోడ్ నల్లమల. అచ్చంపేట నుంచి మన్ననూరు, ఫర్హాబాద్, మల్లెలతీర్థం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆపేస్తారు, ఎందుకంటే ఆ టైమ్‌లో ఆ రోడ్డు పులులది. అది కూడా వివరంగా మాట్లాడుకుందాం.

హెల్మెట్ పెట్టుకోండి. బకిల్ కూడా పెట్టుకోండి. ఉంటా మరి, నమస్తే.